శాంతమ్మకు నేను చదివి చెప్పిన అర్థం

ఒక ఇంగ్లీషు మాటకు నేను చదివి చెప్పిన అర్థం ఇన్నేళ్లుగా నా మీద కూర్చుని ఉంది. బరువని అనిపించడం కూడా ఎప్పుడో మానేసింది. తిమ్మిరెక్కిన కాలు మనదేనని చేత్తో తడిమితే గాని తెలియదు కదా, అలా ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల్లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాటా దగ్గర పనిచేసేవాణ్ణి. బడి మొహం చూడలేదు. సంచుల మీది రాతలు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. నిజామాబాద్‌లో పాత కాగితాల దుకాణంలో అట్ట ఊడిన ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ దొరికింది, ఏ దొరల కాలం నాటిదో. తోకచుక్క అంటే రాజులకు కీడు తెచ్చే నక్షత్రం. తిమింగలం అంటే మహా చేప. మలేరియా అంటే చిత్తడి నేలల్లోంచి లేచే విషగాలి. అలా ఉండేవి అందులో అర్థాలు.

"ఏం డిక్షనరీ సాబ్, ఇయ్యాల ఏ అక్షరం మింగినవ్?" అని క్లర్కులు నవ్వేవాళ్లు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అయినా మా వాడకట్టులో ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా నా అరుగు మీదికే వచ్చేది.

శాంతమ్మ బీడీలు చుట్టేది. భర్త దేవదాసు చెరుకు నరికేవాడు. ఆమె మోచేతి మీద స్పర్శ లేని మచ్చ ఒకటి లేచింది. దవాఖానా చీటీ పట్టుకుని ఇద్దరూ వచ్చారు. పక్కనే ఆడవాళ్లు చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు.

"గోలీలు తింటె పోతదన్నరు అన్నా. గీ మాటేందో జర సదువు," అంది శాంతమ్మ.

లెప్రసీ. పేజీ తీశాను. మెల్లగా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. అందరికీ వినబడేలా ఒక్కో ముక్కా విడదీసి చదివాను. పెద్దరోగం. రోతైనది, అంటుకునేది, తరతరాలకు దిగేది, మందు లేనిది, రోగిని ఊరికి దూరంగా ఉంచవలసినది.

చుట్టే చేతులు ఆగిపోయాయి.

"మందు లేకుంటె గోలీలెందుకిచ్చిండ్రు? ఇంకోపారి సూడన్నా," అంది శాంతమ్మ.

"అచ్చయింది అబద్ధమైతదా?" అన్నాను. చూడలేదు.

"అన్న సదివిండంటె డాక్టరు సదివినట్టే," అన్నాడు దేవదాసు. నాకు సంతోషమైంది. అవును, ఆ క్షణంలో సంతోషమే.

బీడీ అంటే నోట్లో పెట్టుకునే వస్తువు. ఆమె చుట్టినవి మర్నాటి నుంచి ఎవరూ తీసుకోలేదు. పక్క చేటలు దూరం జరిగాయి. దేవదాసు ఆమెను కందకుర్తిలో పుట్టింట్లో దించి వచ్చాడు. పాలు మరవని బిడ్డను మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. అంటుకునేదని చదివింది నేనే కదా.

తెలియక చేశానని అనుకోవచ్చు. కానీ మలేరియా దోమ వల్ల వస్తుందని మా కాటా గోడ మీదే రాసి ఉండేది. మన పుస్తకం ఇంకా విషగాలి దగ్గరే ఉందని నాలో నేను నవ్వుకున్నాను కూడా. ఆ పుస్తకం ముసలిదై పోయిందని, దాని మాట కొన్నిచోట్ల చెల్లదని తెలిసీ, ఒక ఆడమనిషి అడిగినప్పుడే ఎందుకు గుర్తురాలేదు?

అంతటితో అయిపోలేదు. మరుసటి చెరుకు కాలంలో ఆఫీసు బల్ల మీద కొత్త డిక్షనరీ కనిపించింది. క్లర్కు లేనప్పుడు తెరిచాను. మందులతో నయమయ్యే వ్యాధి అని ఉంది. మూసేశాను. దేవదాసు అప్పటికింకా మళ్లీ పెళ్లి చేసుకోలేదు. బండితో నా ముందుకే వచ్చి నిలబడేవాడు. తూచి పంపేవాణ్ణి. తప్పు చదివానంటే క్లర్కులు ఏమని నవ్వుతారు? ఆమె బతుకు కన్నా అదే ఎక్కువైందా? అయింది.

తర్వాత అతను వేరే పెళ్లి చేసుకున్నాడు. శాంతమ్మ పుట్టింట్లోనే గోలీలు మింగిందట. పూర్తిగా నయమైందని, వేళ్లు చక్కగా ఉన్నాయని ఆమె తమ్ముడు ఒకసారి బోధన్ వచ్చినప్పుడు చెప్పాడు. చూడటానికి వెళితే బిడ్డ మాత్రం ఆమెను గుర్తుపట్టలేదట. రోగం పోయింది. నేను చదివిన అర్థం పోలేదు.

వాడకట్టులో నన్నిప్పటికీ డిక్షనరీ తాత అంటారు. నవ్విన వాళ్ల మీద కోపం ఇంకా వస్తుంది. నా మీద రావలసింది మాత్రం రాదు. ఎందుకో తెలియదు. క్షమించమని ఆమెను అడగబోను, ఆ మొహం నాకు లేదు.

శాంతమ్మ ఇంకోసారి చూడమంది. మరుసటి ఏడు చూశాను. చూసింది చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను.