పావుకిలో ఆవాలు

ఇది ఒక మహాగాథ. ఇందులో యుద్ధం ఉంది, రక్తం ఉంది, ఒక వీరనారి ఉంది, ఆమెకు విద్య నేర్పిన గురువు ఉంది, నిండు సభలో ద్రోహం ఉంది, ప్రవాసం ఉంది. కన్నీళ్లు త్వరగా వచ్చేవాళ్లు చేతిరుమాలు దగ్గర పెట్టుకోవచ్చు.

సరే, అంత లేదు. యుద్ధం జరుగుతున్నప్పుడు నేను మత్తులో ఉన్నాను. రక్తం నాదే, అదీ ఒక పైపు గుండా ప్లాస్టిక్ సీసాలోకి బుద్ధిగా కారింది. ప్రవాసం హైటెక్ సిటీ నుంచి గచ్చిబౌలి దాకా. అసలు ఇది పావుకిలో ఆవాల సంగతి. ద్రోహం మాత్రం నిజం. చేసింది నేనే.

నాకు ముప్పై ఒకటి. మాది ప్రొద్దుటూరు. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇతరులు రాసిన కోడ్‌లో తప్పులు పట్టుకోవడం నా పని. నా ఒంట్లో తప్పును మాత్రం నేను పట్టుకోలేదు, స్నానం చేస్తుంటే అదే చేతికి తగిలింది. ఎడమ రొమ్ము తీసేశారు. కీమో ఇచ్చారు, రేడియేషన్ ఇచ్చారు. ఎనిమిది నెలల తర్వాత, టెన్నిస్ బంతి మీద ఉన్నంత జుట్టుతో మళ్లీ ఆఫీసుకొచ్చాను.

వచ్చిన రోజే ప్రమోషన్ ఇచ్చారు. 'వారియర్' అట. ఎవరితో యుద్ధం చేశానో నాకే తెలీదు. మంచం మీద పడుకున్నాను, చాపమన్నప్పుడు చేయి చాపాను, వాంతి వచ్చినప్పుడు బకెట్ అడిగాను. దీన్ని యుద్ధం అంటే మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ కూడా సైనికుడే, రోజూ ఎవరో ఒకరు మీట నొక్కితే కదులుతుంది. ఆ బిరుదు వెనకే సలహాలు. ఒకాయన పంచదార మానెయ్యమన్నాడు, గులాబ్‌జామూన్ తింటూ. ఒకామె గొంతు తగ్గించి, "స్ట్రెస్ వల్ల వచ్చిందా? నువ్వు అన్నీ లోపలే దాచుకుంటావు కదా" అంది. దాచుకోలేదండీ, ఉన్నదే కోసి తీసేశారు అన్నాను. ఆ పూటంతా ఆమె నాతో మాట్లాడలేదు. ఆ ఏడాది మొత్తంలో అంత ప్రశాంతమైన పూట ఇంకొకటి లేదు.

ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ, నాకు కావలసిన ముక్క ఒక్కరూ చెప్పలేదు. కుర్తా లోపల ఖాళీ అయినవైపు ఏం పెట్టుకోవాలి? సిలికాన్‌ది పెట్టుకున్నాను. మే నెల ఎండకు దాని కింద చెమట పట్టి, కోసినచోట ఒరుసుకుని మండేది. అది పక్కన పడేసి స్పాంజి పెట్టాను. స్పాంజికి బరువుండదు, చెయ్యెత్తినప్పుడల్లా పైకి పాకుతుంది. ఒకరోజు మీటింగ్‌లో బోర్డు మీద రాసి వెనక్కి తిరిగేసరికి టీమ్ మొత్తం తలలు వంచుకుని లాప్‌టాపుల్లోకి చూస్తోంది. వాళ్లంత శ్రద్ధగా పని చేయడం అదే మొదటిసారి కాబట్టి నాకు అనుమానం వచ్చింది. బాత్రూముకెళ్లి అద్దంలో చూసుకుంటే నా ఎడమ రొమ్ము దాదాపు మెడ పక్కన కూర్చుని ఉంది.

అక్కడ నేల తుడుస్తున్న హౌస్‌కీపింగ్ అక్క అద్దంలోంచే నన్ను చూసింది. నలభై దాటిన మనిషి, నార్సింగిలో ఉంటుంది. అంతకుముందు మా మధ్య 'గుడ్ మార్నింగ్ మేడం' తప్ప వేరే మాట లేదు.

"స్పంజి పెట్టినవా మేడం?"

నేను కుర్తా కిందికి లాక్కున్నాను.

"అది గంతే. ఇంకో గంటైతే చెవుల దాక వస్తది." తలుపు గడియ పెట్టి వచ్చి, యూనిఫాం మీద కుడివైపు తట్టి చూపించింది. "ఇది చూడు. పొద్దుగాల పెట్టిన్నంటే ఇంటికి పొయ్యేదాక కదలదు. ఆవాలు."

"ఏంటి?"

"ఆవాలు మేడం. పోపుల ఏస్తం సూడు, గవి."

చంటిపిల్లల తల గుండ్రంగా రావాలని ఆవాలు నింపిన దిండు మీద పడుకోబెడతారు కదా, అదే పద్ధతి. మెత్తబడిన పాత నూలుబట్టతో గుండ్రటి సంచి, లోపల ఆవాలు. బరువుంటుంది, ఒంటి తీరుకు ఒదుగుతుంది, గాలి ఆడుతుంది. రెండేళ్ల కింద ఆమెకు ఆపరేషనైనప్పుడు మనవరాలి దిండు విప్పి కుట్టుకుందట. "పిల్ల తల ఎట్లనో గుండ్రంగనే వచ్చింది. ఇగ దానికెందుకు?" అంది.

ఆ ఆదివారమే మియాపూర్‌లో మా ఫ్లాట్‌కు వచ్చింది. నాకు తోడుగా ఉంటున్న మా అమ్మ తన పాత చీర చెంగు కత్తిరించి సిద్ధంగా పెట్టింది. ఇద్దరూ నన్ను ముక్కాలి పీట మీద కూర్చోబెట్టి, కవర్లో ఆవాలు పోసి, ఉన్నవైపుకు లేనివైపుకు తూకం చూడడం మొదలుపెట్టారు.

"ఇంగో గుప్పెడు పొయ్యమ్మా," అంది అమ్మ.

"వద్దమ్మా, పిల్ల ఒకదిక్కు ఒంగుతది."

"పెద్దావాలు తెచ్చింటే బాగుండునేమో."

"పెద్దయి గుచ్చుకుంటయి. సన్నయే మంచిగ."

"నన్ను ఎవరన్నా అడుగుతారా?" అన్నాను.

"నువ్వు గమ్మునుండు," అంది అమ్మ. "కదలకు," అంది అక్క. ఎనిమిది నెలల్లో నన్ను వీరనారిలా చూడనివాళ్లు వాళ్లిద్దరే. పావుకిలో దగ్గర తగువు తెగింది.

ఆ రోజు నుంచి ఆమెకు నేను 'బిడ్డ'నయ్యాను. నాకు ఎడమ, ఆమెకు కుడి. ఇద్దర్నీ కలిపి కుడితే ఒక నిండు మనిషి, ఇంకో మనిషికి సరిపడా కుట్లు మిగులుతాయి. ఇద్దరిదీ అయిదేళ్లు వేసుకోవలసిన మాత్ర ఒకటే. ఆమె మరిచిపోయేది కాబట్టి, పదకొండున్నరకు నా ఫోన్ మోగగానే పాంట్రీలో కలిసి కాగితం గ్లాసులు తాకించి మింగేవాళ్లం. ఆ మాత్రతో ఉన్నట్టుండి ఒళ్లంతా సెగలు పుడతాయి. ఆ భవనంలో అన్నిటికంటే చల్లటి చోటు సర్వర్ గది, ఊడ్వడానికని దాని తలుపు తెరిచే కార్డు ఆమె దగ్గరుంది. సెగ రాగానే ఇద్దరం అందులో దూరి అయిదు నిమిషాలు నిలబడేవాళ్లం. కంపెనీ సమాచారమంతా భద్రపరిచిన ఆ యంత్రాల మధ్య మేము మాట్లాడుకున్నది ముఖ్యంగా మలబద్ధకం గురించి. నీళ్ల క్యాన్ల వెనక గోడ మీద వేళ్లతో పైకి పాకుతూ చేతి వ్యాయామం చేసి, ఎవరి చేయి ఎంతదాకా లేచిందో పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నాం. నాలుగు నెలల్లో నేను ఆమెను దాటాను. "నీకేంది, పడుసుదానివి," అని ఒప్పుకోలేదు.

ఒకటే షరతు పెట్టింది. ఆమె కంపెనీ మనిషి కాదు, కాంట్రాక్టరు పంపిన మనిషి. తనకు పిత్తాశయంలో రాళ్లు తీశారని సూపర్‌వైజర్‌తో చెప్పింది. బరువెత్తితే కుడిచేయి వాచేది, అందుకని నీళ్ల క్యాన్లు ఇంకొకామె ఎత్తితే బదులుగా ఆమె వంతు బాత్రూములు ఈమె కడిగేది. "క్యాన్సర్ అని తెలిస్తే నీతోని గాదు, ఇంట్ల కూసోమంటరు. ఎవ్వరికి చెప్పకు బిడ్డా. నా మీద ఒట్టు." ఒట్టు వేశాను.

ఇప్పుడు మా ఆఫీసు అలవాటు ఒకటి చెప్పాలి. ప్రతి శుక్రవారం మీటింగ్ చివర ఎవరికి ఎవరు సాయం చేశారో పేరుపెట్టి అందరిముందు చెప్పాలి. షౌటౌట్ అంటారు. అందరూ చప్పట్లు కొడతారు. పేరు చెప్పకపోతే అవతలివాడి కష్టం కాజేసినట్టు. ఏడేళ్లు ప్రతి శుక్రవారం అదే చేశాను. తుమ్ము వస్తే ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు, స్టేజీ కనిపిస్తే ఎవరో ఒకరికి థాంక్స్ చెప్పడం నా ఒంటికి పట్టింది.

అక్టోబర్ రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల కాబట్టి కంపెనీకి మా జబ్బు గుర్తొచ్చింది. గులాబీ బెలూన్లు, గులాబీ టీషర్టులు, గులాబీ కేకులు. పంచదార మానెయ్యమన్నాయన రెండు తిన్నాడు. హెచ్‌ఆర్ మేడం వచ్చి, "మీ జర్నీ షేర్ చేసుకోండి, రెండే నిమిషాలు," అంది. ఈ తతంగాన్ని నాలుగు జోకులతో చించేద్దామని ఒప్పుకున్నాను. మూడు జోకులు బాగానే పేలాయి. స్పాంజి సంగతికి పగలబడి నవ్వారు. ఆ నవ్వుల ఊపులో, వీళ్లు చప్పట్లు కొట్టాల్సింది నాకు కాదు కదా అనిపించి నోరు జారాను. "నాకు ఇదంతా నేర్పింది ఈ ఫ్లోర్ తుడిచే అక్క. తనకూ ఇదే ఆపరేషన్ అయింది."

అక్క గోడపక్కన కేకు ప్లేట్లు ఎత్తుతోంది. రెండు వందల మంది లేచి నిలబడి చప్పట్లు. హెచ్‌ఆర్ మేడం కళ్లు తుడుచుకుంటూ ఆమెను స్టేజీ ఎక్కించి, గులాబీ పట్టీ అడ్డంగా వేసి, ఫొటో తీయించింది. అక్క నావైపు ఒక్కసారి చూసింది. ఆ చూపుకు నా దగ్గర జోకు లేదు. వెనక వరసలో ఆమె సూపర్‌వైజర్ కూడా చప్పట్లు కొట్టాడు.

సోమవారం పదకొండున్నరకు ఫోన్ మోగింది. పాంట్రీలో నేనొక్కదాన్నే. సూపర్‌వైజర్‌ను అడిగితే, "ఆమె మంచికే మేడం. జర రెస్ట్ తీసుకోమన్నం. రేపు ఏమన్న అయితే మా మీదికొస్తది గదా," అన్నాడు. ఎన్నాళ్లు రెస్ట్ అంటే పైవాళ్లను అడగాలన్నాడు. హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లాను.

"సో శాడ్. కానీ ఆవిడ మన ఎంప్లాయీ కాదు కదా, వెండర్ స్టాఫ్."

"శుక్రవారం స్టేజీ ఎక్కినప్పుడు ఎవరి స్టాఫ్?"

"అది సెలబ్రేషన్ యా. మీరు ఎమోషనల్ అవుతున్నారు. ఇప్పుడు మీకు స్ట్రెస్ మంచిది కాదు."

ఆమె టేబుల్ మీద మిగిలిన గులాబీ బెలూన్ ఒకటి గాలి పోయి, సరిగ్గా నా ఎడమవైపులాగే ఉంది. చెబుదామనుకున్నాను, ఆమెకు ఎక్కదని ఊరుకున్నాను. కిందికి దిగితే లిఫ్టుల దగ్గర పెద్ద తెర మీద అక్క ఫొటో తిరుగుతోంది. 'మన యోధురాళ్లు.' ఆ తెరకు పది అడుగుల దూరంలో ఉన్న గేటు ఇప్పుడు ఆమె కార్డుకు తెరుచుకోదు. నాకు జబ్బు వచ్చినప్పుడు కూడా ఇంత కోపం రాలేదు. జబ్బు కనీసం చప్పట్లు కొట్టలేదు.

మర్నాడు నార్సింగి వెళ్లాను. ఔటర్ రింగు రోడ్డు పక్క సందులో రెండు గదుల ఇల్లు. అక్క తలుపు తీసి, "రండి మేడం," అంది. మేడం.

"అక్కా, నేను కావాలని..."

"కావాలని చెయ్యలే, ఎర్కే. చెప్పొద్దన్ననా లేదా? ఒట్టు పెట్టించుకున్ననా లేదా? మీ దాంట్ల చప్పట్లు కొడితే ప్రమోషన్ వస్తది. మా దాంట్ల కొడితే ఇంటికి పంపుతరు. గింత చదువుకున్నవు, గది తెల్వదా?"

తెలీదు. నిజంగానే తోచలేదు. ఏడేళ్లుగా తప్పులు పట్టే ఉద్యోగం చేస్తున్నదాన్ని. ఏడుపు వచ్చింది గానీ, తప్పు చేసినదాన్ని నేనే ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చాల్సి వస్తుంది కాబట్టి మింగేశాను. ఆమె తిడుతూనే లేచి, నా ఎడమ భుజానికున్న లాప్‌టాప్ బ్యాగు లాగేసింది. "ఆ చేతికి బరువు ఎయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలె?" అని దాన్ని గోడకు విసిరినంత పని చేసింది. చాయ్ మాత్రం ఇవ్వలేదు.

"మళ్ల ఏమన్న చెయ్యాలనుకుంటే నన్ను అడిగి చెయ్యి," అంది వెళ్లేటప్పుడు.

అడిగాను. హెచ్‌ఆర్ ఫొటోలన్నీ కంపెనీ మొత్తానికి మెయిల్ పెట్టింది. దానికి అందరికీ పోయేట్టు జవాబు రాసి, పంపేముందు ఫోన్‌లో అక్కకు చదివి వినిపించాను. టెస్టర్‌ని కాబట్టి తప్పును మా పద్ధతిలోనే నమోదు చేశాను:

"తప్పు: మూడో ఫొటో కింద 'మన యోధురాళ్లు' అని రాసినది సరికాదు. తప్పు మళ్లీ రావాలంటే: ఒక మనిషిని స్టేజీ ఎక్కించండి, చప్పట్లు కొట్టండి, సోమవారం దాకా ఆగండి. రావలసిన ఫలితం: ఆమె పనిలో ఉండాలి. వచ్చిన ఫలితం: ఆమె కార్డు గేటు దగ్గర పనిచేయడం లేదు. కారణం: ఒక చేత్తో బరువెత్తలేదు. తీవ్రత: చాలా ఎక్కువ."

"ఎత్తలేదు అని ఒక్కటే రాయకు," అంది అక్క. "రెండేండ్లు ఒక్క బాత్రూము గూడ మురికి పెట్టలే అని రాయి. నా ఫొటో తీసెయ్యమను."

రెండూ చేర్చి పంపాను. మధ్యాహ్నానికి ఫొటో పోయింది. ఆ చోట రోజూ ఎన్ని గ్లాసుల నీళ్లు తాగాలో చెప్పే బొమ్మ పెట్టారు. నన్ను పిలిచి నా 'టోన్' గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ ఆ మెయిల్‌కు జవాబులు పెడుతూనే ఉన్నారు. నాలుగింట మూడొంతులు 'దయచేసి అందరికీ జవాబు పెట్టకండి' అని అందరికీ పెట్టిన జవాబులు. మూడు వారాల తర్వాత కాంట్రాక్టరు అక్కను మళ్లీ తీసుకున్నాడు. మా దగ్గర కాదు, గచ్చిబౌలిలో వేరే కంపెనీ భవనంలో. అక్కడ సర్వర్ గది ఆమె చేతిలో లేదట. ఇక్కడ నాకూ లేదు. సెగ వస్తే ఫ్రిజ్ తలుపు తీసి పాలప్యాకెట్లు లెక్కపెడుతున్నట్టు నిలబడుతున్నాను. గోడ మీద మా పెన్సిల్ గీతలకు రంగు వేశారు.

పదకొండున్నరకు ఫోన్ చేస్తే ఎత్తుతుంది, మాత్ర మింగిన చప్పుడు వినిపించి పెట్టేస్తుంది. నిన్న మాత్రం ఒక వాయిస్ మెసేజ్ పంపింది. మేడం అనలేదు, బిడ్డా అనలేదు. ఆవాలను పదిహేను రోజులకోసారి సంచిలోంచి తీసి, సంచి ఉతికి, ఆవాలు రెండు గంటలు ఎండలో పెట్టాలట. లేకపోతే చెమటకు ముక్కవాసన వస్తాయి.