అయిదో రౌండు

దెయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. గాజువాక దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. ఇరవై రెండేళ్లుగా స్టాప్‌వాచీ, టేపుతోనే నా పని. కొలవలేనిది నాకు అక్కర్లేదు. దీన్ని కొలిచాను కాబట్టే రాస్తున్నాను.

నూకరాజు మా కాలేజీలో బీకాం చదివాడు. జాలరి కుటుంబం, తల్లి పూర్ణా మార్కెట్లో చేపలు అమ్ముతుంది. బూట్లు కొనిస్తే చంకలో పెట్టుకుని ఉత్తికాళ్లతో పరిగెత్తేవాడు. ఎడమ పాదం బయటికి తిప్పి వేసేవాడు. కుక్కతోకరా నీ కాలు అని రెండేళ్లు తిట్టాను. మారలేదు.

ఆర్మీ సెలక్షన్ పరుగంటే మా గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు. నా దగ్గర మాత్రం అయిదు. నాలుగు ఆర్మీకి, అయిదోది నాకు అనేవాణ్ణి.

వాడు ఆర్మీకి వెళ్లడం వాళ్లమ్మకి ఇష్టం లేదు. చేపల తట్టతోనే కాలేజీకి వచ్చింది. "ఏటకెల్తే సాయంత్రానికి పడవ కనపడతాది సార్. ఆ కొండల్లోకి పంపితే నాను ఎక్కడని సూడను?" అంది. నేను పూచీ అమ్మా అన్నాను. ఏం తెలిసి అన్నానో.

ఆర్మీలో చేరాక, ఆఖరిసారి సెలవు మీద వచ్చినప్పుడు పొద్దున్నే గ్రౌండుకి వచ్చాడు. నాలుగో రౌండు అయ్యేసరికి ఫోను. సరిహద్దులో యుద్ధం మొదలైంది, వెంటనే రమ్మన్నారు. "అయిదోది వచ్చేక తిరుగుతాను సార్" అని వెళ్లిపోయాడు.

పన్నెండో రోజున పోయాడు. కబురు తెలిసేసరికి మద్దిలపాలెంలో బస్సు ఎక్కుతున్నాను. ఎక్కి కూర్చున్నాను, టిక్కెట్టు తీసుకున్నాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

కాలేజీలో సంస్మరణ సభ పెట్టారు. ముందురోజు సాయంత్రం గ్రౌండంతా నీళ్లు కొట్టించి, రోలరు తిప్పించి, గేటుకి నేనే తాళం వేశాను. తాళంచెవి నా జేబులోనే ఉంది.

పొద్దున్న ఆరింటికి గేటు తీస్తే ట్రాక్ మీద ఉత్తికాళ్ల అడుగులు. ఒక్క మనిషివే. స్టార్టింగ్ గీత దగ్గర మొదలై, ఒక్క రౌండు తిరిగి, మళ్లీ ఆ గీత దగ్గరే ఆగిపోయాయి. గీత దాకా నడిచి వచ్చిన గుర్తులు లేవు, అక్కణ్ణించి వెళ్లిన గుర్తులూ లేవు. ఎడమ పాదం ప్రతిచోటా బయటికి తిరిగి ఉంది.

"ఎవుడో గోడ దూకుంటాడు సార్" అన్నాడు వాచ్‌మన్. గోడ వెంబడి చుట్టూ తిరిగి చూశాను. అక్కడి తడిమట్టి మీద ఏమీ లేదు. టేపు తెచ్చి అంగ కొలిచాను. నూకరాజు అంగ నా పాత నోటుబుక్కులో రాసి ఉంది. రెండూ ఒకటే.

తొమ్మిదింటికి వాళ్లమ్మ వచ్చింది. కబురు తెలిసిన దగ్గర్నుంచీ ఆవిడ నాతో మాట్లాడలేదు. కనీసం తిడుతుందేమోనని తీసుకెళ్లి చూపించాను. కింద కూర్చుని ఒక అడుగులో అరచెయ్యి పెట్టింది. "ఆడిదే" అంది. అయిదో రౌండు సంగతి చెప్పాను. అంతా వింది.

"మీ కాడికొచ్చినాడు. మరి నా కాడికి రాలేదేటి సార్?"

షామియానా వాళ్లు ఆ అడుగుల మీదే కుర్చీలు వేసుకుంటూ పోయారు. నేను ఆపలేదు.

అవి ఎలా పడ్డాయో ఎంత ఆలోచించినా నాకు తేలలేదు. నోటుబుక్కు బీరువాలో ఉంది. ఇప్పుడు పిల్లల చేత నాలుగు రౌండ్లే తిప్పిస్తున్నాను.