కిటికీ కాగితం

మొన్న శుక్రవారం పాపకూర అనే ఈ ఊళ్లో, మా ఇంట్లో కర్పూరం వెలిగించేసరికి, పక్కన విప్పిపెట్టిన పట్టుచీర మడతల్లోంచి పల్చని కాగితం ఒకటి జారి మంటలో పడింది. కాలిన బూడిద నిలువునా పైకి లేచి ఇంటికప్పుకు తగలడం, పొగ అలారం గీపెట్టడం, కోడలు పరుగున వచ్చి తువాలుతో విసురుతూ "అత్తయ్యా, ఇకమీదట బ్యాటరీ దీపం పెట్టుకోండి, పాప దడుచుకుంటోంది" అనడం, అన్నీ ఒక్కసారే జరిగిపోయాయి. నాకు కోపం రాలేదు, నేనింకా కప్పుకేసే చూస్తున్నాను.

ఈ దేశం వచ్చిన కొత్తలో టౌరంగా అనే సముద్రపు ఊళ్లో ఒక వృద్ధాశ్రమంలో పనిచేశాను. సొంత అత్తగారికి వేణ్ణీళ్లు తోడడానికి విసుక్కున్న మనిషిని సముద్రాలు దాటొచ్చి పరాయివాళ్లకు స్నానాలు చేయించాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి, మీలోనూ చాలామంది చేసింది అదే. అక్కడ నా వంతుకు వచ్చినవారిలో తొంభై దాటి చూపు మసకబారిన చైనా తాతగారు ఒకరు. తమది ఒకప్పుడు చైనాను ఏలిన మంచూ వంశమని, తనను పెంచిన తాత ఒక రాకుమారుడని ఆయన చెబితే, ముసలితనంలో అందరూ జమీందారులే కదా అని మొదట నవ్వుకున్నాను.

ఆ రాకుమారుడి యవ్వనంలో, విదేశీయులను తరిమేస్తామంటూ తిరుగుబాటు లేచిందట. విదేశీ మతం పుచ్చుకున్న సొంతవాళ్లనూ వదలలేదట. రాజకొలువు కూడా వాళ్ల పక్షమే చేరడంతో అడ్డుచెప్పే దిక్కు లేదు. ఒకనాడు వాళ్లు మహలు వాకిట్లోకొచ్చి, రాకుమారుడికి పాలిచ్చి పెంచిన దాదిని అప్పగించమన్నారు. ఆమె చాటుగా చర్చికి వెళ్తోందని ఎవరో చెప్పారు. కాదంటే ఇంటిల్లిపాదినీ నరికేస్తారు. వాళ్లకో పరీక్ష ఉండేదట, కాగితం కాలిస్తే బూడిద పైకి లేస్తే నిర్దోషి, కింద పడితే దోషి. పల్చని కాగితమైతే లేవక ఏం చేస్తుందని రాకుమారుడు తానే ఆ పరీక్ష కోరి, లోపలికి పరుగెత్తి కిటికీకి అంటించిన కాగితం చింపి తెచ్చాడు.

మంచూల ఇళ్లలో కిటికీ కాగితాన్ని బయటివైపు అంటించి, వానకు తడవకుండా నూనె పట్టిస్తారట. ఏనాడూ ఆ పనికి చెయ్యి పెట్టనివాడికి, దొరికింది నూనె పట్టిన కాగితమని తెలియలేదు. ఏటా అంటించే దాదికి తెలుసు. ఆమె కాగితాన్ని చూసింది, అతని ముఖం చూసింది, ఏమీ అనలేదు. అది ముద్దగా కాలి నేలకు అతుక్కుపోయింది. ఆమెను ఈడ్చుకుపోయారు.

తరవాత విదేశీ సైన్యాలొచ్చి మహలు తగలబెడితే రాకుమారుడు పేరు మార్చుకుని పారిపోయాడు. బతికినన్నాళ్లూ ఏటా ఆమె పేరిట నూనె లేని కాగితం కాల్చేవాడట, బూడిద లేచిన ప్రతిసారీ ఏడ్చేవాడట. ఆయన పోయాక ఆ పని మనవడికి వచ్చింది. నేను చూసేనాటికి ఆ మనవడికి, మా చైనా తాతగారికి, ఒంట్లో ఓపిక పోయింది, వెనక ఎవరూ లేరు. నా గొంతు వినబడితే చాలు బతిమాలేవారు.

"ఒక్క కాగితం కాల్చు, అమ్మాయీ. ఆమె తప్పు చేయలేదని చెప్పడానికి నా తరవాత ఎవరూ ఉండరు."

ఆశ్రమంలో అగ్గిపుల్ల గీస్తే నా ఉద్యోగం పోతుంది, దాంతోపాటే వీసా. ఆఖరికి ఒక మధ్యాహ్నం నా పెళ్లిచీర మడతలోని కాగితం జేబులో దాచి, ఆయన చక్రాల కుర్చీని పెరట్లోకి తోసుకెళ్లి, అగ్గిపుల్ల గీసి అంటించాను. అంటుకుందో లేదో, సముద్రపు గాలి ఒక్క విసురున దాన్ని కంచె అవతలికి ఎగరేసుకుపోయింది. లేచిందా అని అడిగారు. గాలికి పోయిందన్నాను. పైకా కిందికా అని నా మణికట్టు పట్టుకుని మళ్లీ అడిగారు. నాకు తెలియదు, తెలియదనే చెప్పాను. ఇంకో కాగితం లేదు, లోపలినుంచి ఎవరో పిలుస్తున్నారు. కొద్దిరోజులకే ఆయన పోయారు, చివరిదాకా అదే ప్రశ్న.

అగ్గిపెట్టె లేని ఇళ్లలో పెరుగుతున్నారు మన మనవలు, పాపం, మంటను చూస్తేనే జడుసుకుంటారు. కోడలు తెచ్చిన బ్యాటరీ దీపం బాగానే వెలుగుతోంది. దానికి పొగ లేదు, బూడిదా లేదు. మొన్న మాత్రం మా ఇంట్లో బూడిద నిటారుగా పైకి లేచింది, కళ్లారా చూశాను. లేచిందండీ తాతగారూ అని చెబుదామంటే, అడిగే మనిషి లేడు.