గంగామణక్క దరఖాస్తు

మొన్న కోటగిరి బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఒళ్లో తడిగుడ్డ మూట ఒకటి ఉంది. విప్పకుండానే తెలిసింది, బీడీలు చుట్టే తునికాకు. ఆ పచ్చి వగరు వాసన ముక్కుకు తగలగానే గంగామణక్క గుర్తొచ్చింది. ఆమె వెంటే పాతికేళ్ల కిందటి నా సిగ్గుమాలిన పనీ గుర్తొచ్చింది.

తొంభైల చివర్లో బోధన్‌లో నాకొక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. వెనక వాడకట్టులో గంగామణక్క ఇంటి ముందు రోజూ ఇరవై మంది ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవారు. మధ్యాహ్నం పూట నేను వెళ్లి పేపరు చదివి వినిపించేదాన్ని. ఒకరోజు ఏదో దేశంలో పొగాకు చుట్టలు చుట్టే ఆడవాళ్ల గురించి చదివితే అక్క చెయ్యి ఆగిపోయింది.

"వాళ్లకు గూడ మనలెక్కనే దగ్గొస్తదా? కూలి పెంచుమని ఎట్ల అడుగుతరు? కనుక్కో చెల్లె" అంది.

ఎవరిని కనుక్కోను? అదృష్టమో ఏమో, అదే ఏడాది ఢిల్లీలోని ఆ దేశపు రాయబార కార్యాలయం ప్రకటన ఒకటి వేసింది. రెండు దేశాల మామూలు జనం మధ్య స్నేహం పెంచే పనులకు చిన్న గ్రాంట్లు ఇస్తారట. ఇంకేం! మా మాటలు క్యాసెట్లలో నింపి ఆ చుట్టలు చుట్టే ఆడవాళ్లకు పంపుతాం, వాళ్ల మాటలు తెప్పించుకుంటాం అని దరఖాస్తు తయారుచేశాం.

అక్క దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. ఏ కాగితమైనా అందరికీ చదివి వినిపించాకే వేలిముద్ర. వెనకెప్పుడో ఒక సేటు తెల్లకాగితం మీద ముద్రలు వేయించుకుని ముంచాడట. నేనూ చదివాను. "మేము బోధన్ బీడీ కార్మికులం" అని గొంతెత్తి మరీ చదివాను. కాగితం మీద మాత్రం అలా లేదు. పొగాకు పేరు కనిపిస్తే పక్కన పడేస్తారని భయపడి, "హస్తకళలు చేసే మహిళలం" అని ఇంగ్లీషులో కొట్టాను. చదువుకున్నదాన్ని కదా, ఆ మాత్రం తెలివి! వాళ్ల మంచికే అనుకున్నాను. ఇరవై మంది నన్ను నమ్మి ఆ అబద్ధం కింద వేలిముద్రలు వేశారు.

రెండు నెలలకు రాయబార కార్యాలయం నుంచి ఒక అధికారి మమ్మల్ని చూడటానికి వచ్చాడు. మర్యాదస్తుడే, చాప మీదే కూర్చున్నాడు. "మీ హస్తకళ వస్తువులు చూపిస్తారా?" అని హిందీలో అడిగాడు. నేను గబుక్కున తల దించేసుకున్నాను. అక్కకు హిందీ బాగా వచ్చు. నా మొహం చూడగానే ఆమెకు సంగతి అర్థమైపోయింది.

"ఏం రాసినవే?"

చెప్పేశాను.

"మేం దొంగతనం చేస్తున్నమా? పొద్దంత నడుమిరగంగ చేసే పనిని దాస్తవా?"

చాటల్లో బీడీలు చూసి సంగతి గ్రహించిన అతను దరఖాస్తు మడుస్తూ, హస్తకళలు అన్న మాట ఉంటేనే తన పైవాళ్లు ఒప్పుకుంటారని మెల్లగా చెప్పాడు. పక్కనున్న లచ్చవ్వ బతిమాలింది. "పైసలు రానీ అక్కా, ఒక్క మాటకే వద్దంటవా?"

"క్యాసెట్ల మన దగ్గు ఇనవడితె, గది ఏ కళ అని చెప్తవే?" అంది అక్క. అతనివైపు తిరిగి, "బీడీలు చేసేటోళ్లం అని రాసుకుంటే ఇయ్యున్రి సార్. లేకుంటే మాకొద్దు" అని హిందీలో తెగేసి చెప్పింది.

అతను వెళ్లిపోయాడు. గ్రాంటూ పోయింది. నేను వెక్కివెక్కి ఏడ్చాను.

"ఏడుస్తె ఏమొస్తది? పో, టైపు మిషన్ మీద కూసో. మళ్ల కొట్టు" అంది అక్క.

మరుసటి ఏడు మొదటి వాక్యంలోనే బీడీ కార్మికులం అని రాసి పంపాం. రాలేదు. ఆపై ఏడూ రాలేదు. తర్వాత ఆ దగ్గే అక్కను తీసుకుపోయింది. మా పని పేరే ఒప్పుకోని ఆ పైవాళ్ల మీద ఇంకా నాకు కోపం చల్లారలేదు, చల్లారనివ్వను కూడా. ప్రకటన వచ్చిన ప్రతిసారీ పంపుతూనే ఉన్నాను. పోయిన వారం కూడా పంపాను. ఇస్తే తీసుకుంటాం. ఇవ్వకపోతే వచ్చే ఏడు మళ్లీ రాస్తాను.