రాయైన చెట్టుకు పసుపు

ఉప్పల్లోని మా ల్యాబ్‌లో రాళ్లు కోసే మెషీన్ దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. అంతకుముందు మేడిపల్లిలో ముప్పై ఏళ్లు దర్వాజాలు చేసిన వడ్రంగి. మోకాళ్లు సహకరించక ఆ పని మానేసి, చెంగిచెర్ల నుంచి రోజూ ఆటోలో వచ్చి మాకు రాళ్లు కోసిపెట్టేవాడు. నేను బాబాయ్ అనేదాన్ని. ఆయన మేడం అనేవాడు, మనసు బాగుంటే బిడ్డా అనేవాడు.

నా పీహెచ్‌డీ అంతా ఒక్క రాయి మీదే నడుస్తోంది. గోదావరి లోయలో దొరికిన జానెడు ముక్క. ఒకప్పుడు చెట్టు. మనిషన్నవాడు పుట్టకముందే బురదలో కూరుకుపోయి, నీళ్లలో కరిగిన సిలికా కణకణంలోకీ ఇంకి రాయైపోయింది. అందులో చెట్టుది ఇంకా ఏమైనా మిగిలిందా, లేక ఆకారం తప్ప అంతా పోయిందా? నేను తేల్చాల్సింది అదే. లేజర్ వేస్తే రాయి నుంచి తిరిగొచ్చే వెలుగును స్పెక్ట్రోమీటర్ గీతగా గీసిపెడుతుంది. ఏ పదార్థం గీత దానిదే.

దసరా సెలవులయ్యాక మొదటి రోజు. నాకసలే ఓపిక తక్కువ. కోయించకుండానే రాయిని లేజర్ కింద పెట్టేశాను. కలపలో ఉండే లిగ్నిన్ కనిపించాల్సిన చోట నిటారుగా ఒక శిఖరం లేచింది. చెట్టు ఇంకా ఉంది! ఒళ్లు జలదరించింది. అప్పటికప్పుడు మా గైడ్‌కు ఫోన్ చేసి చెప్పేశాను. పేపర్ రాయడం మొదలుపెట్టమన్నారు.

బాబాయ్ చేతిలో లడ్డూ పెడితే తినలేదు. మొహం తెల్లబోయింది.

"జర ఆగు మేడం. సెలవుల ముందు మెషీన్‌కు ఆయుధ పూజ జేసిన గదా. గా రాయికి సుత పసుపు రాసిన. మల్ల నువ్వు తిడ్తవని తడిగుడ్డతోని తుడిసిన."

"రాయికెందుకు బాబాయ్!" అని అరిచేశాను.

"నీకు రాయి. నాకు కట్టెనే గద."

మెస్‌కు పరుగెత్తి చిటికెడు పసుపు తెచ్చి లేజర్ కింద పెట్టాను. అదే చోట, అదే శిఖరం. "సార్, అది పసుపండీ" అని గైడ్‌కు మళ్లీ ఫోన్ చేసి చెప్పాను. ఆ రోజంతా బాబాయ్‌తో మాట్లాడలేదు. ఆయన నోరు విప్పకపోయి ఉంటే అబద్ధాన్ని అచ్చువేసేదాన్నని, సాయంత్రం నాచారంలోని ఇంటికి వెళ్లే ఆటోలో కూర్చున్నాక గానీ తట్టలేదు. నా మీద నాకే సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే ఆయనే వచ్చాడు. రాయిని చేతిలో తిప్పి తిప్పి చూసి ఒకచోట వేలు పెట్టాడు.

"పైపైన ఏముంటది బిడ్డా? చేవ కాడ కోద్దాం."

రాతిలో చేవ, చెట్టు నడిమి గట్టి కలప! వేలు పెట్టిన చోటే కోశాడు. కోసిన తడి తలం మీద చెట్టు వలయాలు తేలాయి. వాటిలో బాగా సన్నని దాన్ని చూపించి, "గీ యేడు వానలు సక్కగ పడలే" అన్నాడు. దర్వాజా చెక్కను చూసి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

లేజర్ వేశాను. మొదట అంతా క్వార్ట్జ్, ఒట్టి రాయి. మెల్లగా ఒక కణపు గోడ మీదికి జరిపాను. గీతలో రెండు పొట్టి మూపురాలు లేచాయి. పక్క గోడ మీదా అవే. దాని పక్కదాని మీదా అవే. కార్బన్! లిగ్నిన్ ఎప్పుడో పోయింది, మసిలాంటి ఈ కాస్తే మిగిలింది. కానీ ఎవరూ చూడని ఏదో ఒక పొద్దున ఆ చెట్టు ఆకులు గాలిలోంచి పీల్చుకున్నదే ఇది. కళ్లు చెమర్చాయి. "కాస్త బొగ్గు మిగిలింది బాబాయ్" అన్నాను.

"గా బొగ్గు చెట్టుదేనా?"

"చెట్టుదే బాబాయ్."

ఈసారి గైడ్ మూడుసార్లు చూడమన్నారు. నేను లెక్కలేనన్నిసార్లు చూసి గానీ ఫోన్ చేయలేదు.

మరుసటి ఏడు సెలవుల ముందు బాబాయ్ మెషీన్‌కు బొట్టు పెట్టి, మిగిలిన రాయి ముక్క వైపు చూడకుండా పళ్లెంతో దాటబోయాడు. పళ్లెం లాక్కుని ఆ ముక్కకు నేనే పసుపు రాశాను.

"మల్ల పరేషానైతవ్ బిడ్డా" అన్నాడు.

"కానివ్వండి" అని, చెట్టుకు దండం పెట్టుకున్నాను.