అగ్గిపెట్టె మీద పేరంటాలు

పోయిన నెల విరుదునగర్ నుంచి ట్రేడ్‌మార్క్ ఏజెంటు కొడుకు ఫోన్ చేశాడు. తండ్రి పోయాక ఆ ఆఫీసు అతనే చూసుకుంటున్నాడు. మా అగ్గిపెట్టెల పేరుకు గడువు ముగుస్తోందని, మళ్ళీ రుసుము కట్టాలా వదిలేయాలా చెప్పమని తమిళంలో ఎంతో మర్యాదగానే అడిగాడు గానీ, మాటకు ముందొకసారి వెనకొకసారి ఆ పేరును వంకాయ, బెండకాయ అన్నంత సులువుగా పలుకుతూనే ఉన్నాడు. అతను పలికినప్పుడల్లా ఇంట్లో ఎవరైనా వింటున్నారేమోనని, డెబ్బై దాటినదాన్ని, దొంగలా ఫోను చెవికి అదుముకున్నాను. ఆ పేరు నేనిక్కడ కూడా రాయను. మా కోవిల్‌పట్టిలో నా ఈడు వాళ్ళకు రాయనక్కర్లేదు కూడా, వాళ్ళంతా దానితోనే పొయ్యి ముట్టించుకున్నవాళ్ళు.

అది మా అత్తవారింటి పేరంటాలి పేరు. ఎట్టయాపురం పక్కన ఒక నల్లరేగడి పల్లెలో, ఎన్ని తరాల కిందటో, గడ్డివామి అంటుకుని పశువుల పాక తగలబడుతుంటే దూడలను విప్పడానికి లోపలికి వెళ్ళిన కోడలు ఆమె. దూడలు బయటికి వచ్చాయి, ఆమె రాలేదు. అప్పటి నుంచి ఏటా ఒక రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు, చద్దన్నమే తింటారు, సాయంత్రం దీపం ముందు కొత్త చీర, గాజులు పెట్టి, ఇంట్లో పెద్ద ఆడమనిషి ఆమె పేరును ఒక్కసారి పైకి పలుకుతుంది. మిగతా ఏడాదంతా ‘ఆయమ్మ’ అనడమే. పుట్టిన ఆడపిల్లలకు కూడా ఆ పేరు పెట్టరు, పెడితే పిలవాలి, పిలిచిన నోటితోనే ఎప్పుడో తిట్టాలి కదా. నేను విరుదునగర్‌లో పప్పుల వ్యాపారి కూతురిని, బి.ఏ. చదివానన్న పొగరు ఉన్నదాన్ని. కొత్త కోడలిగా ఆ సాయంత్రం అత్తగారి నోట ఆ పేరు విన్నప్పుడు, భక్తి మాట ఎలా ఉన్నా, అబ్బ, ఎంత అందమైన పేరు అనుకున్నాను.

మా ఆయన అప్పట్లో కోవిల్‌పట్టిలో మా ఇంటి వెనక దొడ్డిలో రేకుల షెడ్డు వేసి, వీధిలోని ఆడవాళ్ళను పెట్టుకుని అగ్గిపెట్టెలు చేయించేవారు. సరుకంతా ఒక పెద్ద వ్యాపారి లేబుల్ అంటించి ఆయనకే ఇచ్చేవాళ్ళం. పుల్ల మాది, మందు మాది, పేరు మాత్రం ఆయనది, కాబట్టి పెట్టె బాగుందన్న మెప్పు కూడా ఆయనకే పోయేది. సొంత పేరు నమోదు చేయించుకోవాలని మా ఆయనకు పట్టుదల పుట్టింది. మా నాన్నకు తెలిసిన ఏజెంటు ఉన్నాడు కదా అని ఇద్దరం విరుదునగర్ బస్సెక్కాం. తీరా వెళితే మేం అనుకున్న పేర్లన్నీ ఎవరో ఒకరు ముందే తీసేసుకున్నారు. నెమలి అయిపోయింది, కుందేలు అయిపోయింది, తామర అయిపోయింది, దేవుళ్ళలో ఒక్కరూ ఖాళీగా లేరు. ఎవరి దగ్గరా లేని పేరు తెచ్చుకోండని ఏజెంటు పుస్తకం మూసేశాడు. మా ఆయన లేవబోతుంటే, చదువుకున్న పెళ్ళాం పక్కనుండి ఏం లాభం అనుకుంటారేమోనని, నేను ఆ పేరు చెప్పేశాను. ఎవరూ పలకని పేరు ఎవరి దగ్గర ఉంటుంది? ఏజెంటు వెతికి చూసి, ఇంకేం ఆలోచించకుండా పెట్టేయండి అన్నాడు. మా ఆయన నా వైపు చూశారు. వద్దనబోతున్నారనే అనిపించింది, కానీ ఊరికే తిరిగి వెళ్ళడం ఆయనకూ కష్టమైనట్టుంది, సరే రాయండి అన్నారు. తిరుగు బస్సులో సాత్తూరు దాటేదాకా ఆయన ఏజెంటు ఇచ్చిన రసీదును మడుస్తూ విప్పుతూ ఉన్నారు. నాకు మాత్రం ఇంటి వేల్పును వ్యాపారానికి అండగా తెచ్చానని లోలోపల ఒకటే గొప్ప. మేం అమ్మేది నిప్పు, ఆమె పోయిందీ నిప్పులోనే అన్న సంగతి నా బి.ఏ. బుర్రకు తట్టనేలేదు.

అత్తగారికి అక్షరాలు రావు కనుక లేబుళ్ళు అచ్చై వచ్చినా ఆమెకు తెలియలేదు, మేమూ చెప్పలేదు. సరుకు బాగా పోయింది. ఒకనాడు ఆమె వీధరుగు మీద కూర్చుని ఉండగా, ఎదుటి పెట్టికొట్టు దగ్గర లారీ ఆపిన మనిషొకడు బీడీ నోట్లో పెట్టుకుని, ఆ పేరు చెప్పి అగ్గిపెట్టె అడిగి, పుల్ల గీసి, దాన్ని చెప్పుతో తొక్కి వెళ్ళిపోయాడు. అత్తగారు లేచి లోపలికి వచ్చారు. మజ్జిగ చిలుకుతున్న నా ముందు నిలబడి, గొంతు పెంచకుండానే అన్నారు.

“ఆయమ్మని తినిన నిప్పుకే ఆయమ్మ పేరు పెడితిరే మా.”

నాలుగు తిట్టినా బాగుండేది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా మొహం వేడెక్కుతోంది.

పేరు మార్చేద్దామని ఆ రోజే మా ఆయనతో అన్నాను. కానీ కొట్లవాళ్ళకు పేరు అలవాటైంది, మారిస్తే షెడ్డులో ఆడవాళ్ళకు పని ఉండదన్నారాయన. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. ఆ పేరు సంపాదించి పెట్టిన గొలుసు అప్పటికే నా మెడలో పడింది మరి. అత్తగారు మార్చమని ఏనాడూ అడగలేదు గానీ, మళ్ళీ అగ్గిపుల్ల ముట్టుకోలేదు. పొద్దున్నే కొబ్బరి చిప్ప పట్టుకుని పక్కింటికి పోయి నిప్పు అడిగి తెచ్చుకునేవారు. అగ్గిపెట్టెల ఇంటావిడ నిప్పుకు అడుక్కుంటోందని వీధంతా నవ్వేది, ఆ నవ్వు ఆమె పడ్డారు గానీ పడాల్సింది నేను. ఆ ఏడు ఆయమ్మ రోజున దీపం పెట్టారు, చీర పెట్టారు, చేతులు జోడించి నిలబడ్డారు, పేరు మాత్రం పలకలేదు. పలకరేమని మా ఆయన మెల్లగా అడిగితే, “ఊరంతా పిలస్తా ఉండారే. నేనొకతి పిలిస్తే ఆయమ్మకి తెలిసేనా?” అన్నారు. పోయేవరకూ మళ్ళీ ఆ పేరు ఆమె నోట రాలేదు.

తర్వాత లైటర్లు వచ్చాయి, షెడ్డు మూతబడింది, మా ఆయనా పోయారు. అయినా గడువు వచ్చినప్పుడల్లా నేను కడుతూనే ఉన్నాను. లేని వ్యాపారానికి పేరెందుకమ్మా అని మా వాడు విసుక్కుంటాడు. నేను వదిలేస్తే తీసుకోవడానికి దోమలకు ముట్టించే చుట్టలు చేసేవాడొకడు కాచుకుని ఉన్నాడట. ఊరి నోట పెట్టడానికి రిజిస్టరు చేయించిన పేరును ఇప్పుడు ఏ నోటా పడకుండా ఉంచడానికి కడుతున్నానని కొడుక్కి ఎలా చెప్పను? కట్టేయమని ఏజెంటు కొడుక్కి చెప్పి ఫోను పెట్టేశాను.

మొన్ననే ఆయమ్మ రోజు వచ్చింది. ఇప్పుడు ఇంట్లో పెద్ద ఆడమనిషిని నేను. ఇన్నేళ్ళూ అత్తగారిలాగే మౌనంగా దణ్ణం పెట్టి వచ్చేసేదాన్ని, ఈసారి ఎందుకో, నేను పోయేలోగా ఆయమ్మను ఆమె పేరుతో ఒక్కసారైనా పిలవాలనిపించింది. దీపం ముందు నిలబడి పైకి పలికాను. పక్కన నిలబడిన మనవడి భార్య, పెళ్ళై ఇంకా ఏడాది కాని పిల్ల, మొహం వికసించి, “ఇది మన అగ్గిపెట్టి పేరు గదా అవ్వా! మా తాతింట్లో ఇదే వాడుతా ఉండిరి,” అంది.

ఆ పిల్ల తప్పేముంది? మా కాలంలో పలకకుండా దాచుకున్న మాటలు ఇంటికొకటి ఉండేవి, చనిపోయినవాళ్ళు ఆ మాటల్లోనే ఇంట్లో మసలేవారు. ఇప్పుడు పలకకూడనిదంటూ ఏదీ లేదు, దాచుకోవడం ఎలాగో చెప్పేవాళ్ళూ లేరు. ఆయమ్మ ఎవరో, దూడల కోసం ఎక్కడికి వెళ్ళిందో కూర్చోబెట్టి చెప్పాలనుకున్నాను. చెబితే, మరి అగ్గిపెట్టెకు ఎవరు పెట్టారవ్వా ఆ పేరు అని అడుగుతుంది. అందుకని, అవునమ్మా, అగ్గిపెట్టె పేరే అన్నాను.