ఎడమ పేజీ, కుడి పేజీ

మా మామయ్యను ఊళ్ళో అందరూ జిగురాయన అంటారు. ఆయన కుడిచేతి బొటనవేలి గోరు కింద ఎప్పుడూ ఎండిన జిగురు తెల్లగా ఉండేది. దుకాణాల్లో అమ్మే జిగురు ఏడాది తిరక్కుండానే కాగితాన్ని పచ్చబరుస్తుందని, మైదా ఉడకబెట్టి తనే కలుపుకునేవాడు. ఆ గిన్నెలో ఇంకెవరైనా వేలు పెడితే సొంత అక్కని కూడా, అంటే మా అమ్మని కూడా, వదిలేవాడు కాదు.

ఆయన ఉద్యోగం మెంబరుగారి ఆఫీసులో. మెంబరుగారంటే మా ప్రాంతం నుంచి దేశపు చట్టసభకు వరసగా నాలుగుసార్లు గెలిచిన మనిషి. ఆఫీసంటే బజారువీధిలో మందుల షాపు మీద రెండు గదులు. ముందు గదిలో పియ్యే, అర్జీలు పట్టుకొచ్చిన జనం. వెనక గదిలో మామయ్య, ఒక కత్తెర, ఒక ఫోను, గోడ పొడుగునా లావుపాటి అట్టల పుస్తకాలు. పుస్తకం తెరిస్తే ఎడమ పేజీలో మెంబరుగారు అన్నది. యుద్ధం గురించి, పన్నుల గురించి, రైళ్ళ గురించి, నదుల గురించి ఏ పేపర్లో ఏం మాట్లాడినా కత్తిరించి అక్కడ అంటించేవాడు. కుడి పేజీలో, అదే విషయం మీద సభలో ఆయన ఓటు ఎటు వేశాడన్నది. అనుకూలం, వ్యతిరేకం, గైర్హాజరు. మూడే మాటలు.

ఇది పెట్టమన్నది మెంబరుగారే. మొదటిసారి గెలిచిన ఏడు, ఒకే వారంలో రెండు ఊళ్ళలో రెండు రకాలుగా మాట్లాడి నవ్వులపాలయ్యాడు. "నేను ముందేమన్నానో నాకు గుర్తుండి చావదయ్యా. నా బదులు నువ్వు గుర్తుపెట్టుకో" అన్నాడట. అబద్ధాలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా చూడటానికి పెట్టిన పుస్తకం అది. మామయ్య దాన్ని నిజాల పుస్తకం అనుకున్నాడు. ఇరవై ఏళ్ళూ అలాగే అనుకున్నాడు.

దానికో పద్ధతి ఉండేది. ఓటింగు జరిగిన సాయంత్రం, మెంబరుగారి వెంట రాజధానికి వెళ్ళిన పియ్యే ఫోను చేసి ఎటు వేశారో చెప్పేవాడు. మామయ్య దాన్ని పెన్సిలుతో రాసేవాడు. నెలకో రెండు నెలలకో సభవాళ్ళు అచ్చువేసిన నివేదిక పోస్టులో వచ్చేది. అందులో ఎవరెవరు ఎటు వేశారో పేర్లతో సహా ఉంటుంది. దాంతో సరిచూసుకున్నాకే పెన్సిలు చెరిపి, సిరాతో రాసి, పక్కన తారీకు ముద్ర కొట్టేవాడు. ఒకసారి మెంబరుగారే స్వయంగా ఫోను చేసి చెప్పినా పెన్సిలుతోనే రాశాడు.

"నా నోటి మాట మీద కూడా నమ్మకం లేదా?" అని ఆయన నవ్వాడట.

"నమ్మకం ఉంది సార్. సిరా లేదు" అన్నాడట మామయ్య.

ఈ కథ క్షౌరశాలలో ఎన్నేళ్ళు తిరిగిందో. అక్కడ రాజకీయాల మీద టీ పందేలు కాసేవాళ్ళు. వాదన తెగకపోతే ఎవడో ఒకడు మెట్లెక్కి వచ్చేవాడు. "జిగురాయనా, రేవుల బిల్లుకి మనవాడు ఎటేశాడు?" మామయ్య పుస్తకం తీసి చూపించేవాడు. సిరా కనపడిందంటే ఓడినవాడు నోరెత్తకుండా టీ పోయించేవాడు. పెన్సిలైతే పందెం వాయిదా.

నాకు మాత్రం ఆ పనంటే మంట. "ఎవడో వాగిన వాగుడు అంటించడం కూడా ఒక ఉద్యోగమేనా మామయ్యా" అనేవాణ్ణి.

"నువ్వు కాలేజీలో ఏదీ అంటించుకోలేదుగా అల్లుడూ. నీకు తెలీదులే" అనేవాడు.

మా అమ్మ సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళు చేసింది. రేకుల అంచులు కోసే మర కింద పడ్డ దుమ్ము ఊడ్చి సంచులకెత్తే పని. మానేసిన నాలుగేళ్ళకు దగ్గు మొదలైంది. ఆసుపత్రిలో ఫోటో తీసి, ఊపిరితిత్తుల్లో రేకుల దుమ్ము గట్టిపడిపోయిందన్నారు. అప్పటికే మా వీధిలో అలాంటి ఇళ్ళు పదకొండు. ఫ్యాక్టరీవాళ్ళు అది పొగతాగడం వల్ల అన్నారు. మా అమ్మ జన్మలో బీడీ ముట్టలేదు.

ఆ ఏడే సభలో దుమ్ము జబ్బుల బిల్లు వచ్చింది. దేశంలో ఎక్కడైనా సరే, ఫ్యాక్టరీ దుమ్ముతో జబ్బు పడ్డవాళ్ళకు బతికున్నంతకాలం వైద్యం, ఇంట్లోకి ఆక్సిజను, అన్నీ యజమానే చూడాలని. మెంబరుగారు మా వీధికొచ్చి, మా ఇంట్లోనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మా అమ్మ చెయ్యి పట్టుకుని, "అమ్మా, ఇది నా తల్లి ఊపిరి అనుకుంటాను" అన్నాడు. పేపర్లో ఫోటో పడింది. మామయ్య దాన్ని ఎడమ పేజీలో అంటించాడు. అంటించి, పైన గుడ్డతో ఎంతసేపు ఒత్తాడో.

ఓటింగు రోజు సాయంత్రం అమ్మ ఇంట్లో కూర్చోలేకపోయింది. నా భుజం పట్టుకుని, మెట్టుకోసారి ఆగుతూ ఆ ఆఫీసుకెక్కింది. ఫోను మోగింది. మామయ్య విన్నాడు, ఊఁ అన్నాడు, పెట్టేశాడు.

"బిల్లు పోయింది అక్కా. మూడు ఓట్లు తక్కువయ్యాయి."

అమ్మ చాలాసేపు దగ్గింది. తగ్గాక, "మరి మనాయన?" అంది.

"మనవైపే అంట."

"రాయి. నేను చూస్తాను."

మామయ్య పెన్సిలు తీశాడు. అమ్మ ఆ పెన్సిలు వంక చూసింది. అన్ని మెట్లెక్కి వచ్చిన మనిషి ముందు, రేపు చెరిపేసే రాత ఎలా రాస్తాడు? పెన్సిలు పక్కన పెట్టి పెన్ను తీశాడు. అనుకూలం అని రాశాడు. ముద్ర కూడా కొట్టాడు. అమ్మ ఆ ముద్ర మీద వేలు పెట్టి చూసుకుంది. ఆరని సిరా కాస్త వేలికంటుకుంది.

ఇరవై ఏళ్ళలో ఆయన పద్ధతి తప్పింది ఆ ఒక్కసారే.

ఐదు నెలల్లో ఎన్నికలొచ్చాయి. పియ్యే వెనక గదిలోకొచ్చి ఆ రెండు పేజీలూ ఫోటో తీయించి కరపత్రం వేయించాడు. ఎడమవైపు మా అమ్మ చెయ్యి పట్టుకున్న మెంబరుగారు, కుడివైపు మామయ్య దస్తూరీలో అనుకూలం. మా వీధిలో ప్రతి గుమ్మానికీ అతికించారు. "జిగురాయన సిరాతో రాశాడంటే ఇంకేం చూడాలి" అన్నారు జనం. మెంబరుగారు ఏ మీటింగులోనూ "నేను ఓటేశాను" అనలేదు. ఆ సంగతి అప్పుడు ఎవడూ పట్టించుకోలేదు. కరపత్రం పైకెత్తి, "నేను చెప్పేదేముంది, పుస్తకమే చెబుతోంది" అనేవాడు.

నివేదిక ఆసారి ఆలస్యంగా వచ్చింది. అచ్చాఫీసులో సమ్మె. ఎన్నికలు ఇంకా పది రోజులున్నాయనగా ఒక ఉదయం పోస్టులో పడింది. నేను సైకిలు పంపు అడగడానికి వెళితే మామయ్య స్కేలు పెట్టుకుని పేర్లు ఒక్కొక్కటే చదువుతున్నాడు. అనుకూలం జాబితా రెండుసార్లు చదివాడు. తర్వాత వ్యతిరేకం జాబితా. ఆఖరికి, పొద్దున సంతకం పెట్టి ఓటింగుకు లేనివాళ్ళ జాబితా. స్కేలు అక్కడ ఆగింది.

"ఒరేయ్, ఇది చదువు" అన్నాడు. చదివాను. మెంబరుగారి పేరు.

మామయ్య లేచి ఆ పుస్తకమే తీశాడు. ఓటింగు పేజీ తర్వాత మూడో కాగితం తిప్పాడు. అక్కడ తనే అంటించిన ఫోటో ఒకటుంది. రాజధానిలో కొత్త హోటలుకు మెంబరుగారు రిబ్బను కత్తిరిస్తున్నాడు. పక్కన హోటలు యజమాని, చేతులు కట్టుకుని, నవ్వుతూ. రేకుల ఫ్యాక్టరీ యజమాని కూడా ఆయనే. కింద సన్నక్షరాల్లో "నిన్న మధ్యాహ్నం మూడు గంటలకు" అనుంది. పైన తారీకు మామయ్య చేత్తో వేసినదే. ఓటింగు మర్నాటిది. అంటే ఆ 'నిన్న' ఓటింగు రోజే.

"నేనే కత్తిరించాను. నేనే అంటించాను" అన్నాడు. "వంకర లేకుండా అంటిందా లేదా అని చూశానురా. అంతే చూశాను."

మెంబరుగారు ఆ మధ్యాహ్నం ఆఫీసుకొస్తే మామయ్య పుస్తకం, నివేదిక రెండూ ఆయన బల్ల మీద పెట్టాడు. తలుపు తీసే ఉంది. ముందు గదిలో బెంచీ మీద నేనున్నాను.

"సార్, కరపత్రం ఆపించాలి."

మెంబరుగారు కళ్ళజోడు పెట్టుకుని తీరిగ్గా చదివాడు. కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది. "రాసింది ఎవరయ్యా?"

"నేనే సార్. పియ్యేగారు ఫోనులో..."

"ఆయన నోటితో చెప్పాడు. నువ్వు సిరాతో రాశావు. పెన్సిలుతో రాయొద్దని నేను చెప్పానా? నేను ఓటేశానని ఎక్కడైనా అన్నానా? నీ పుస్తకంలో వెతుక్కో, ఎడమ పేజీలో."

మామయ్య పుస్తకం తెరవలేదు. వెతకక్కర్లేదు. అలాంటి ముక్క లేదని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు.

"పది రోజులు ఓపిక పట్టు. తర్వాత నీ ఇష్టమొచ్చినట్టు దిద్దుకో. మీ అక్కగారికి ఆక్సిజను సంగతి నేను చూస్తాగా" అని కుర్చీలోంచి లేచాడు.

సాయంత్రం మామయ్య మా ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాడు. ఆక్సిజను మాట కూడా దాచలేదు. నేను రెచ్చిపోయాను. "ఇంకా చూస్తావేంటి మామయ్యా, కడిగెయ్!" అని అరిచాను. అమ్మ నన్ను చేత్తో ఆపింది.

"నా ముందు రాశావు. నా కోసమే రాశావు" అంది తమ్ముడితో. "ఆ గాలి నాకొద్దురా. దిద్దెయ్."

ఆదివారం పొద్దున కార్మిక సంఘం హాల్లో మెంబరుగారి మీటింగు. రేకుల ఫ్యాక్టరీవాళ్ళే మూడొందల మంది. మెంబరుగారు కరపత్రం ఎత్తగానే మామయ్య చంకలో పుస్తకంతో వేదికెక్కాడు. జనం చప్పట్లు కొట్టారు, ఆయన్ని పొగడటానికే పిలిచారనుకుని.

మామయ్యకు మైకు ముందు మాట్లాడటం రాదు. "ఇందులో తప్పుంది" అన్నాడు. "బిల్లుకి సార్ ఓటెయ్యలేదు. గైర్హాజరు. నివేదికలో ఉంది. అనుకూలమని సిరాతో రాసింది నేను. సరిచూడకుండా రాశాను. తప్పు నాది." రిబ్బను ఫోటో మాట ఎత్తలేదు. తర్వాత నేను తిడితే, "అది నా తప్పు కాదుగా. ముందు నా తప్పు చెప్పాలని..." అన్నాడు. మనిషి అంతే.

మెంబరుగారు లేచొచ్చి ఆయన భుజం చుట్టూ చెయ్యి వేశాడు. మైకు తన వైపు తిప్పుకున్నాడు.

"చూశారా, ఎంత నిజాయితీ! తప్పు తనదని తనే ఒప్పుకున్నాడు. ఇరవై ఏళ్ళ బంధం మాది. వయసు మీద పడింది, చూపు ఆనడం లేదు, ఇంట్లో అక్కగారి జబ్బు. మనిషన్నాక పొరపడడా? నేను ఏమీ అనుకోను. నా తరఫునా, మీ తరఫునా క్షమిస్తున్నాను. పాపం, ఆ పుస్తకంలో ఇంకెన్ని తప్పులున్నాయో ఆయనకు మాత్రం ఏం తెలుసు!"

ముందు వరసలో ఒకడు నవ్వాడు. తర్వాత హాలంతా నవ్వింది. చెడ్డ నవ్వు కూడా కాదు, ముసలాణ్ణి చూసి జాలిగా నవ్వే నవ్వు. గైర్హాజరు అన్న మాట ఆ నవ్వులో ఎక్కడ పడిపోయిందో ఎవడూ వెతకలేదు.

బయటికొస్తుంటే క్షౌరశాలాయన ఎదురొచ్చాడు. "ఏం జిగురాయనా, ఆ లెక్కన రేవుల బిల్లు పందెం కూడా నేను గెలిచే ఉంటాను కదా? ఏడు టీలు పోయించానయ్యా నీ సిరా చూసి!" పక్కవాళ్ళు పగలబడ్డారు. "అది నివేదికతో సరిచూసిందే" అని మామయ్య నిలబడి చెబుతూనే ఉన్నాడు. వినేవాడు లేడు.

మెంబరుగారు ఐదోసారి గెలిచాడు. మా వీధి పెట్టెల్లోనూ ఆయనకే ఎక్కువ పడ్డాయి. మామయ్యని పనిలోంచి తీసేయలేదు, "విశ్రాంతి" ఇచ్చారు. వెనక గదిలో పియ్యే మంచం వేయించుకున్నాడు. పుస్తకాలకు చోటు లేదని ముప్పై ఒకటీ రిక్షాలో వేసి మా ఇంటికి తోలారు. మామయ్య ఉండేది ఒంటి గది, అందులో పట్టవని. మామయ్య దింపుకుని, వరస తప్పాయేమోనని ఒక్కొక్కటే సర్దాడు. బిల్లు పేజీ తీసి, అనుకూలం మీద ఒక గీత గీసి పక్కన గైర్హాజరు అని రాశాడు. సిరాతోనే. ముద్ర ఆఫీసులోనే ఉండిపోయింది.

ఆక్సిజను రాలేదు. వస్తుందని మేమూ అనుకోలేదు. అమ్మ ఇప్పుడు వెల్లకిలా పడుకోలేదు, పడుకుంటే ఊపిరాడదు. తలవైపు మంచం కోళ్ళు ఎత్తు చేయమన్నాడు డాక్టరు. ఇటుకలు పెడితే జారుతున్నాయి. ఒక పొద్దున నేను చూసేసరికి మామయ్య నేల మీద గొంతుక్కూర్చుని, తలవైపు కోళ్ళ కింద పుస్తకాలు దూరుస్తున్నాడు, ఒక్కోదాని కింద రెండేసి.

"బిల్లు పుస్తకం కూడానా మామయ్యా?"

"అది లావుగా ఉందిరా" అన్నాడు. "అక్కా, చూడు, ఇప్పుడు సరిపోయిందా?"

అమ్మ మెల్లగా వెనక్కి వాలింది. కాసేపు ఊపిరి తీసి చూసుకుంది.

"ఇంకొకటి పెట్టు" అంది.